‘సర్వర్ డౌన్’ అంటే ఎవరు డౌన్?

మన దేశంలో ఏ రాష్ట్రానికి వెళ్లినా అందరికీ అర్థమయ్యే మాటలు రెండున్నాయి. ఒకటి ‘ఓటీపీ చెప్పండి’. రెండోది ‘సర్వర్ డౌన్’. మొదటిది వినగానే ఫోన్ పెట్టేయాలి. రెండోది వినగానే ఇంటికెళ్లిపోవాలి. ఇంకో మాట మాట్లాడటానికి ఉండదు.

బ్యాంకులో అదే, రేషన్ షాపులో అదే, రిజిస్ట్రేషన్ ఆఫీసులో అదే. వర్షం పడితే ‘వర్షం పడింది’ అన్నట్టే, ‘సర్వర్ డౌన్’ అనేస్తారు. దేవుడు చేసిన పని అన్నమాట, మనం చేసేదేం లేదు. ఎవరు డౌన్ చేశారు, ఎందుకు అయింది, ఎప్పుడు లేస్తుంది అని ఎవరూ అడగరు. అడిగినా కౌంటర్ అవతల ఉన్నవాళ్లకీ తెలీదు పాపం.

నేను సాఫ్ట్‌వేర్ ఇంజినీర్ని. మా చుట్టాల లెక్కలో సర్వర్ డౌన్ అయితే పైకి లేపేవాణ్ణి. నిజం చెప్పనా? చాలాసార్లు దాన్ని పడగొట్టేది కూడా మేమే. నమ్మకం లేకపోతే ఈ మధ్య ప్రపంచం మొత్తం ఆగిపోయిన మూడు రోజుల కథ వినండి. చివర్లో నా కథ కూడా ఒకటుంది.

20 విస్తళ్లు, 21వ మనిషి

2024 జులై 19. శుక్రవారం. మనకు ఉదయం 9:39 అయింది. టిఫిన్ చేసి లాప్‌టాప్ తెరిచినవాళ్లకు తెర మొత్తం నీలంగా కనిపించింది. కొంతమంది బాధపడ్డారు. ఎక్కువమంది మేనేజర్‌కి ఫొటో తీసి పంపి మళ్లీ పడుకున్నారు. ఆ రోజు హైదరాబాద్ ఐటీ కారిడార్‌లో చాయ్ బండ్ల దగ్గర పండగ వాతావరణమే.

జరిగిందేంటంటే, క్రౌడ్‌స్ట్రయిక్ అనే సెక్యూరిటీ కంపెనీ ఉంది. పెద్ద పెద్ద సంస్థల కంప్యూటర్లలో దాని సాఫ్ట్‌వేర్ వాచ్‌మన్‌లా కూర్చుంటుంది. దొంగలెలా వస్తున్నారో చెప్పే చిన్న చిన్న ఫైళ్లు ఆ వాచ్‌మన్‌కి ఎప్పటికప్పుడు వస్తుంటాయి. ఆ రోజు వచ్చిన ఫైల్ 21వ వివరం కూడా చూడమంది. వాచ్‌మన్ దగ్గర ఉన్నవి 20.

పెళ్లి భోజనాల్లో చెప్పాలంటే, బంతిలో 20 విస్తళ్లే వేశారు. వడ్డించే కుర్రాడి చేతిలోని చీటీలో 21 అని ఉంది. మనిషైతే బుర్ర గోక్కుని వెనక్కి వెళ్తాడు. కంప్యూటర్ మాత్రం లేని 21వ విస్తట్లో సాంబార్ పోసింది. ఆ సాంబార్ వెళ్లి మండపం మెయిన్ స్విచ్ మీద పడింది. ఎందుకంటే ఈ వాచ్‌మన్ కూర్చునేది గేటు దగ్గర కాదు, విండోస్ గుండెకాయలో. అక్కడ తప్పు జరిగితే ఒక్క ప్రోగ్రామ్ ఆగదు, మొత్తం మెషీన్ పడిపోతుంది.

మైక్రోసాఫ్ట్ లెక్క ప్రకారం పడిపోయినవి సుమారు 85 లక్షల కంప్యూటర్లు. ప్రపంచంలోని విండోస్ మెషీన్లలో అవి 1 శాతం కూడా కాదు. కానీ ఆ 1 శాతం ఎక్కడున్నాయి? ఎయిర్‌పోర్టుల్లో, ఆస్పత్రుల్లో, బ్యాంకుల్లో. కంపెనీ 78 నిమిషాల్లో ఆ ఫైల్‌ని వెనక్కి తీసుకుంది. అయితే అప్పటికే పడిపోయినవి వాటంతట అవి లేవలేవు కదా. చాలాచోట్ల ఒక్కో కంప్యూటర్ దగ్గరికీ ఒక మనిషి నడిచి వెళ్లి, సేఫ్ మోడ్‌లో తెరిచి, ఆ ఫైల్ తీసేయాల్సి వచ్చింది.

ఆ రోజు మన హైదరాబాద్ ఎయిర్‌పోర్టులో ఇండిగో వాళ్లు పెన్నుతో రాసిచ్చిన బోర్డింగ్ పాస్ ఫొటో సోషల్ మీడియాలో తెగ తిరిగింది. మేం కూడా తెగ నవ్వుకున్నాం. కానీ ఒక్క క్షణం ఆలోచిస్తే, అంత గందరగోళంలో పనిచేసిన టెక్నాలజీ అదొక్కటే. రెండు వైపులా మనిషి, మధ్యలో బాల్‌పెన్.

ఆ కంపెనీ తర్వాత తన పార్ట్‌నర్లకు సారీ చెబుతూ 10 డాలర్ల ఉబర్ ఈట్స్ వోచర్ పంపింది. ఎక్కువమంది ఒకేసారి వాడేసరికి, ఇదేదో మోసంలా ఉందని ఉబర్ సిస్టమ్ అనుమానపడి ఆపేసింది. క్షమాపణ కూడా క్రాష్ అయిందన్నమాట! ఆగస్టులో లాస్ వెగాస్‌లో హ్యాకర్ల సభలో ఈ ఘనకార్యానికి ‘మహా ఘోర వైఫల్యం’ అవార్డు ఇస్తే, కంపెనీ ప్రెసిడెంటే స్టేజి ఎక్కి ట్రోఫీ తీసుకున్నాడు. ఆ పని మాత్రం నాకు నచ్చింది. ఎందుకో తర్వాత చెప్తా.

దీపావళి రోజు మొరాయించిన మంచం

2025 అక్టోబర్ 20. మనం మధ్యాహ్నం పూట లక్ష్మీపూజకి పూలు కొనే హడావిడిలో ఉన్నాం. 12:18 ప్రాంతంలో అమెరికాలోని వర్జీనియాలో ఉన్న అమెజాన్ క్లౌడ్ సెంటర్లలో చిక్కు మొదలైంది. స్నాప్‌చాట్, సిగ్నల్, డ్యుయోలింగో, రోబ్లాక్స్ ఒకదాని తర్వాత ఒకటి పడకేశాయి.

కారణం? ఇంటర్నెట్‌లో ఏ సర్వీస్ ఎక్కడుందో చెప్పే అడ్రస్ పుస్తకం ఉంటుంది. అమెజాన్ వాళ్ల ముఖ్యమైన డేటాబేస్ అడ్రస్‌ని ఎప్పటికప్పుడు సరిచేసే ఆటోమేటిక్ ప్రోగ్రాములు ఒకటికి మించి ఉన్నాయి. ఒకటి ఆలస్యంగా నడుస్తోంది, ఇంకొకటి ఫాస్ట్‌గా నడుస్తోంది. ఆలస్యంగా వచ్చింది పాత అడ్రస్ రాసి వెళ్లింది. వెంటనే రెండోది ‘పాతవన్నీ శుభ్రం చేద్దాం’ అని దాన్ని కొట్టేసింది. మిగిలింది ఖాళీ గడి. ఇద్దరు గుమస్తాలూ తమ డ్యూటీ తాము పక్కాగా చేశారు. ఆఫీసు మాత్రం మునిగిపోయింది. ఇలాంటివి మనం ప్రభుత్వాఫీసుల్లోనే చూస్తాం అనుకునేవాణ్ణి.

ఆ రోజు అన్నిటికంటే పెద్ద జోకు మంచాలది. ఎయిట్ స్లీప్ అని ఒక కంపెనీ పరుపుని చల్లగా, వెచ్చగా మార్చే స్మార్ట్ సెటప్ అమ్ముతుంది. క్లౌడ్ పోయేసరికి కొందరి పరుపులు వేడెక్కి ఆగిపోయాయి, కొందరి మంచాలు తలవైపు లేచి అలాగే బిగుసుకుపోయాయి. వేల డాలర్లు పోసి కొన్న మంచం మీద జనం కుర్చీలో కూర్చున్నట్టు కూర్చున్నారు. కంపెనీ క్షమాపణ చెప్పి, నెట్ లేకపోయినా బ్లూటూత్‌తో పనిచేసే ఏర్పాటు తెచ్చింది. మా తాత నులక మంచం ఏ రోజూ వైఫై పాస్‌వర్డ్ అడగలేదు. వదులైతే కాలితో తన్నిపెట్టి నులక బిగించేవాడు. అప్‌డేట్ అయిపోయేది.

అద్దంలో దొంగ

అదే ఏడాది నవంబర్ 18. సాయంత్రం 4:50. ఈసారి క్లౌడ్‌ఫ్లేర్ వంతు. వెబ్‌సైట్లకు ముందు నిలబడి, వచ్చేవాళ్లలో మనుషులెవరు, బాట్‌లెవరు అని వడపోసే కంపెనీ అది. ఎక్స్ తెరుచుకోలేదు. చాట్‌జీపీటీ తెరుచుకోలేదు. ఆ సాయంత్రం మా ఆఫీసులో చాలామంది తమ కోడ్ తామే రాసుకోవాల్సి వచ్చింది. ఆ బాధ వర్ణించలేను.

ఏ సైట్లు పనిచేయడం లేదో చెప్పడానికి డౌన్‌డిటెక్టర్ అని ఒక సైట్ ఉంది కదా, అది కూడా ఇబ్బందుల్లో పడింది. కరెంట్ ఎందుకు పోయిందో చూద్దామని లేస్తే చేతిలో టార్చి వెలగనట్టు.

మొదట క్లౌడ్‌ఫ్లేర్ ఇంజినీర్లు ఎవరో భారీ దాడి చేస్తున్నారని అనుమానించారు. తీరా చూస్తే, తమ డేటాబేస్‌లో పర్మిషన్లు మార్చినప్పుడు ఒకే వివరం రెండేసి సార్లు వచ్చి, బాట్‌లను పట్టే ఒక ఫైల్ సైజు డబుల్ అయింది. ఆ ఫైల్ చదివే ప్రోగ్రామ్ అంత పెద్దది వస్తుందని ఊహించలేదు. కుప్పకూలింది. దొంగ అనుకుని కర్ర పట్టుకుని చీకట్లో వెళ్తే, ఎదురుగా బీరువా అద్దంలో తామే కనిపించారన్నమాట.

మూడు కథల్లోనూ హ్యాకర్ లేడు. సినిమాల్లోలా నల్ల హూడీ వేసుకుని ఆకుపచ్చ అక్షరాలు టైప్ చేసే విలన్ లేడు. ఒకచోట 20కి బదులు 21. ఒకచోట ఖాళీ గడి. ఒకచోట ఊహించినదానికంటే పెద్ద ఫైల్. ఇప్పుడు కోడ్ ఏఐ రాస్తోంది, తప్పులూ అదే రాస్తోంది, కావాలంటే క్షమాపణ లేఖ కూడా అదే రాసిపెడుతుంది. బటన్ నొక్కి దాన్ని జనం మీదకి వదిలే బాధ్యత మాత్రం ఇంకా మనుషులదే.

ఇంకొకటి గమనించండి. నేను పైన చెప్పిన లోపలి కారణాలన్నీ ఆ కంపెనీలు స్వయంగా రాసి బయటపెట్టినవే. క్లౌడ్‌ఫ్లేర్ అదే రోజు రాసింది. ‘సర్వర్ డౌన్’ అని చేతులు దులుపుకోలేదు. ఫలానా ఉద్యోగి చేశాడని పేరు పెట్టి తోసేయనూ లేదు. మా ఫీల్డులో దీన్ని ‘బ్లేమ్‌లెస్ పోస్ట్‌మార్టమ్’ అంటారు. ‘ఎవడు చేశాడు’ అని అడగరు, ‘ఒక్క మనిషి తప్పు ఇంతదూరం ఎలా పోగలిగింది’ అని అడుగుతారు. మనిషిని ఉరి తీస్తే తర్వాతి మనిషి తప్పు దాచేస్తాడు. దాచిన తప్పు మళ్లీ వస్తుంది. ఆ ప్రెసిడెంట్ ట్రోఫీ తీసుకోవడం నచ్చిందన్నది అందుకే.

ఇక నా కథ

రెండేళ్ల కిందట నేను షాపులకి బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ చేసే టీమ్‌లో ఉండేవాణ్ణి. ఒక శుక్రవారం సాయంత్రం 6:40కి చిన్న మార్పు ఒకటి లైవ్‌లో పెట్టాను. చిన్నదే కదా, సోమవారం దాకా ఎందుకు అనుకున్నా. ఈ వాక్యం మీద మా వృత్తిలో ఎన్ని సమాధులు కట్టారో లెక్కలేదు.

నా కోడ్ ఒక విషయం గట్టిగా నమ్మింది. ప్రతి కస్టమర్‌కీ ఫోన్ నంబర్ ఉంటుందని. మా టెస్టింగ్‌లో అందరికీ ఉన్నాయి. బయట షాపుల లిస్టుల్లో లేనివాళ్లు బోలెడుమంది. మొదటి ఖాళీ గడి తగలగానే బిల్లింగ్ నిలిచిపోయి, తెర మీద చక్రం తిరుగుతూ ఉండిపోయింది.

ఏడు దాటాక నాన్న ఫోన్. అమ్మ బీపీ మాత్రల కోసం ఊళ్లో మెడికల్ షాపుకి వెళ్లారట. ‘ఒరేయ్, ఇక్కడ సర్వర్ డౌన్ అంట. నువ్వు కంప్యూటర్లోడివి కదా, ఎప్పటికొస్తుందో ఏమన్నా తెలుస్తుందా?’

నా చేతిలో అదే తెర. పక్కన మా లీడ్ నిలబడి ఉంది. ‘పావుగంటలో వచ్చేస్తుంది నాన్నా’ అన్నాను. సరిగ్గా పావుగంటకి వచ్చింది. మొత్తం 42 నిమిషాలు. మావాడు ఫోన్‌లోనే చెప్పేశాడని నాన్న ఇప్పటికీ చుట్టాలకి గొప్పగా చెప్తారు.

మా లీడ్ ఆ రోజు నన్నొక్క మాట అనలేదు. సోమవారం రాసిన రిపోర్టులో నా పేరు లేదు. మార్పులు మాత్రం వచ్చాయి. టెస్టింగ్‌లో ఫోన్ నంబర్ లేని కస్టమర్లని చేర్చాం. ఏ మార్పైనా ముందు పది షాపులకే పంపి చూడటం మొదలుపెట్టాం. మా సర్వర్ అందకపోయినా షాపు కంప్యూటర్లోనే బిల్లు తయారయ్యేలా చేశాం. శుక్రవారం సాయంత్రాలు చాయ్‌కి వెళ్తున్నాం.

నన్ను ఇప్పటికీ పట్టి ఉంచింది అది కాదు. ఆ రాత్రి నాన్న మళ్లీ మాట్లాడుతూ మామూలుగా అన్న మాట. ‘మనకేం ఇబ్బంది కాలేదులే, షాపతను ముప్పై ఏళ్లుగా తెలిసినవాడు కదా, చీటీ మీద రాసుకుని ఇచ్చేశాడు. నా వెనక ఓ పెద్దావిడ ఉంది, మనవడికి జ్వరమంట, పక్క ఊరంట. తెలీనివాళ్లకి బిల్లు లేకుండా ఎలా ఇస్తాడు? ఆఖరి బస్సు పోతుందని వెళ్లిపోయింది.’

మా రిపోర్టులో ‘42 నిమిషాలు’ అని ఉంది. ఆవిడ లేదు. ఆవిడ ఫోన్ నంబర్ కూడా మా లిస్టులో ఉండి ఉండదు.

సర్వర్ డౌన్ అయినప్పుడు అందరికీ ఒకేలా అవదు. తెలిసినవాళ్లకి చీటీ, తెలియనివాళ్లకి ‘రేపు రండి’. 2025 మార్చి 26న, ఏప్రిల్ 12న యూపీఐ ఇబ్బంది పెట్టినప్పుడు కూడా అంతే. రోజూ తాగే చాయ్ బండి దగ్గర ‘రేపివ్వు అన్నా’ అన్నాడు. కొత్త ఊళ్లో ఉన్నవాడికి ఆ మాట ఎవరంటారు? అందుకే జేబులో ఒక 500 నోటు, ఫోన్‌లో టికెట్ పీడీఎఫ్, పర్సులో కాగితం మీద రాసిన రెండు నంబర్లు ఉంచుకోండి. కానీ అది మన జాగ్రత్త మాత్రమే. సిస్టమ్ కట్టేవాళ్లు, నడిపేవాళ్లు చేయాల్సింది వేరే ఉంది. ప్రతి కౌంటర్ వెనకా ఆ ఎయిర్‌పోర్టులోలా ఒక పెన్ను ఉండాలి. ఆ పెన్నుతో ఎవరికైనా, ముక్కూమొహం తెలియనివాళ్లకైనా రాసివ్వడానికి రూల్ ఉండాలి. ఈసారి ఎవరైనా ‘సర్వర్ డౌన్’ అంటే కోప్పడకండి. ‘సరే అండీ, అది లేనప్పుడు మీరేం చేస్తారు?’ అని మాత్రం అడగండి.

ఇది మా ఫ్యామిలీ గ్రూపులోకి ఎలాగూ వస్తుంది కాబట్టి ఇక్కడే చెప్పేస్తున్నా. నాన్నా, ఆ రోజు సర్వర్ డౌన్ కాలేదు. నేనే ఆపాను. అందుకే పావుగంట అని అంత కరెక్టుగా చెప్పగలిగాను. ఆ పెద్దావిడ మళ్లీ ఆ షాపు దగ్గర కనిపిస్తే, మనవడు ఎలా ఉన్నాడో ఒకసారి అడుగు.