సూరత్ నుంచి పారాదీప్‌ వరకు: ఛాయాగ్రాహకుల యాత్రకు వెలుగే ప్రణాళిక

సూరత్ సమీపంలోని హజీరా వద్ద మొదలయ్యే 53వ జాతీయ రహదారి ధూలే, నాగ్‌పూర్, రాయ్‌పూర్, సంబల్‌పూర్‌ల మీదుగా బంగాళాఖాత తీరంలోని పారాదీప్‌ను చేరుతుంది. తాపీ లోయ నుంచి మహానది డెల్టా వరకు విభిన్న భూరూపాలను ఒకే యాత్రలో చిత్రించేందుకు ఇది అనువైన మార్గం.

ప్రణాళికలో మొదట లెక్కించవలసింది వెలుగును. ఈ రెండు ప్రాంతాలు దాదాపు ఒకే అక్షాంశంపై ఉన్నా, రేఖాంశాల మధ్య తేడా సుమారు 14 డిగ్రీలు. డిగ్రీకి 4 నిమిషాల చొప్పున పారాదీప్‌లో సూర్యోదయం, సూర్యాస్తమయం సుమారు 55 నిమిషాలు ముందుగా జరుగుతాయి. గడియారం మాత్రం దేశమంతటా ఒక్కటే. సూరత్ వేళలనే నమ్ముకుంటే హీరాకుడ్ జలాశయంపై ఉదయకాంతి చేజారుతుంది.

తూర్పు దిశగా సాగేటప్పుడు ఉదయపు ఎండ నేరుగా కళ్లలో పడుతుంది. అందువల్ల తెల్లవారుజామున చిత్రాలు తీసి, పొద్దెక్కాక బయలుదేరి, చీకటి పడకముందే బస చేరుకోవడం క్షేమకరం. భండారా దాటాక నవేగావ్, నాగ్‌జిరా అడవుల నడుమ వన్యప్రాణులు రోడ్డు దాటుతుంటాయి. చిత్రం కోసం అక్కడ వాహనం ఆపరాదు.

వర్షాలు వెనుదిరిగాక ఉకాయ్ వంటి జలాశయాలు నిండుగా, ఆకాశం నిర్మలంగా ఉంటాయి. అయితే అదే కాలం తూర్పు తీరానికి తుఫానుల కాలం. 1999 అక్టోబరు 29న పెను తుఫాను పారాదీప్ సమీపంలోనే తీరం దాటింది. కాబట్టి చివరి మజిలీకి ముందు వాతావరణ శాఖ హెచ్చరికలను తప్పక పరిశీలించాలి. డ్రోన్ వాడదలచినవారు డిజిటల్ స్కై పటంలో నిషేధిత మండలాలను ముందే చూసుకోవాలి.