ఆరు వందల అడుగుల పందెం

క్రీస్తుపూర్వం 776లో గ్రీసులోని ఒలింపియాలో జరిగిన పోటీల్లో ఉన్నది ఒక్కటే ఆట, పరుగుపందెం. చరిత్రకెక్కిన ఆ తొలి విజేత కొరోయిబోస్ ఎలిస్ ప్రాంతపు వంటవాడు. రెండో ఆట చేరడానికి యాభై ఏళ్లు దాటింది.

పందెం దూరం 600 అడుగులు. పురాణ వీరుడు హెరాక్లెస్ తన పాదాలతో కొలిచి గీత గీశాడని గ్రీకులు చెప్పుకునేవారు. మన లెక్కలో అది దాదాపు 192 మీటర్లు. డెల్ఫీ మైదానంలోనూ పందెం 600 అడుగులే, కానీ దూరం దాదాపు 178 మీటర్లు! ఊరికో అడుగు కొలత ఉండేది మరి. ఒలింపిక్స్ పాఠాన్ని నేనైతే ఇక్కడే మొదలుపెట్టమంటాను, అదీ తరగతి గదిలో కాదు. ఐదో తరగతి పిల్లలను మైదానంలోకి తీసుకెళ్లి, మడమకు బొటనవేలు ఆనిస్తూ 60 అడుగులు వేయించండి. టేపుతో కొలిచి పదితో హెచ్చవేయమనండి. పాదం 20 సెంటీమీటర్లున్న పిల్లవాడి పందెం 120 మీటర్లే అవుతుంది. పక్కవాడిది ఇంకొకటి. అందరికీ ఒకే కొలత ఎందుకు కావాలో ఆ తర్వాత ఎవరూ విడమరచి చెప్పక్కర్లేదు.

ఆనాటి లాంగ్‌జంప్ వీరులు రెండు చేతుల్లోనూ రాతి బరువులో, సీసపు బరువులో పట్టుకుని దూకేవారు. అరలీటరు నీళ్ల సీసాలు రెండు ఇచ్చి, ఉన్నచోటి నుంచే ఇసుకలోకి దూకించి చూడండి. చేతులు ఊపే తీరును బట్టి దూరం మారుతుంది.

మోసం అప్పుడూ ఉంది. క్రీస్తుపూర్వం 388లో యూపోలస్ అనే ముష్టియోధుడు ప్రత్యర్థులకు లంచమిచ్చి పట్టుబడ్డాడు. అతనికీ, లంచం పుచ్చుకున్నవాళ్లకూ వేసిన జరిమానా సొమ్ముతో జ్యూస్ దేవుడి కంచు విగ్రహాలు చేయించి, మైదానానికి వెళ్లే దారిలో నిలబెట్టారు. బరిలోకి దిగే ప్రతివాడూ వాటిని దాటుకునే పోవాలి. ఇంత మంచి శిక్ష ఇంకెక్కడా చదవలేదు నేను.

క్విజ్ పోటీలకు వెళ్లే పిల్లలకు ఇవి చెప్పి పంపండి: మారథాన్ ప్రాచీన ఒలింపిక్స్‌లో లేనే లేదు, అది 1896 ఏథెన్స్ పోటీలతో వచ్చింది. జ్యోతిని చేతులు మార్చుకుంటూ తీసుకురావడం 1936 బెర్లిన్‌తో మొదలైంది. 1896లో మొదటి స్థానానికి ఇచ్చింది బంగారం కాదు, వెండి పతకం. ఆ ఏడాది ఈతపోటీలు సముద్రంలోనే జరిగాయి.

ఆడపిల్లల సంగతి మాత్రం నిదానంగా చెప్పాలి. ఒలింపియాలో పెళ్లయిన స్త్రీలు పోటీ చూడటానికి కూడా వీల్లేదు. కన్యలకు హేరా దేవత పేరిట వేరే పందెం ఉండేది, దూరంలో ఆరో వంతు తగ్గించి. స్పార్టా రాకుమారి కినిస్కా రథాల పోటీలో క్రీస్తుపూర్వం 396లో, 392లో గెలిచింది. విజయం రథం తోలినవాడిది కాదు, గుర్రాల యజమానిది కావడమే అందుకు కారణం. ఆధునిక ఒలింపిక్స్‌లో స్త్రీలు అడుగుపెట్టింది 1900లో, పారిస్‌లో. మహిళల వెయిట్‌లిఫ్టింగ్‌కైతే 2000 దాకా చోటే దొరకలేదు. దొరికిన ఆ సిడ్నీలోనే మన శ్రీకాకుళం ఆడబిడ్డ కరణం మల్లీశ్వరి కాంస్యం గెలిచింది. ఒలింపిక్ పతకం సాధించిన తొలి భారతీయ మహిళ ఆమె. స్నాచ్‌లో 110 కిలోలు, క్లీన్ అండ్ జెర్క్‌లో 130 కిలోలు ఎత్తింది. ఆ 130 కిలోలు ఎన్ని పాతిక కిలోల బియ్యం బస్తాలో పిల్లలనే లెక్క కట్టమనండి. ఐదు బస్తాలు పోగా ఇంకో ఐదు కిలోలు మిగులుతాయి.