పాత కారు లోపలి సొగసు మన చేతుల్లోనే

ఇంజిన్ బాగుంటే చాలు, కారు లోపల ఎలా ఉంటే ఏమిటి అనేవాళ్లు మా భిలాయిలో చాలామందే కనిపిస్తారు. నేను ఆ మాట ఒప్పుకోను. రోజూ మన చెయ్యి తగిలేదీ, వీపు ఆనేదీ, పిల్లలు కూర్చునేదీ లోపలే. డోర్ ప్యాడ్ చిరిగి, రూఫ్ లైనింగ్ వేలాడుతూ, హ్యాండిల్ విరిగి ఉన్న బండిని ముందు ఇంట్లోవాళ్లే చిన్నచూపు చూస్తారు. ఆ తర్వాత అది నడిచే బండే అయినా కబాడీకి చేరడానికి ఎంతో కాలం పట్టదు.

మా ఇంట్లో ఉన్నది 1998 మోడల్ మారుతి 800. నాన్న కొన్న కారు. 1955లో ఉక్కు కర్మాగారం కోసం సోవియట్ యూనియన్‌తో ఒప్పందం కుదిరి, 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ మొదటి బ్లాస్ట్ ఫర్నేసును ప్రారంభించిన ఈ ఊరికి ఆంధ్ర నుంచి పని వెతుక్కుంటూ ఎన్నో కుటుంబాలు వచ్చాయి. శ్రీకాకుళం జిల్లా నుంచి వచ్చిన మా కుటుంబం వాటిలో ఒకటి. నాన్న రైల్ మిల్లులో ఫిట్టరుగా చేసి రిటైరయ్యారు. నేను బళ్లో లెక్కలు చెబుతాను. స్పానర్ పట్టడం మాత్రం ఆయన దగ్గరే నేర్చుకున్నాను.

కారు లోపలి భాగాలను సొంతంగా బాగుచేసుకోవడం మొదలుపెట్టడానికి మారుతి 800 అయితే మరీ అనువు. 1983 డిసెంబరు నుంచి 2014 జనవరి దాకా తయారై, 25 లక్షలకు పైగా రోడ్డెక్కిన బండి ఇది. క్లిప్పులు, హ్యాండిళ్లు, బీడింగులు సుపేలా, పవర్‌హౌస్ మార్కెట్లలో అడిగితే కొత్తవో పాతవో దొరుకుతాయి.

ఎందుకు పాడవుతాయి?

మే నెలలో ఇక్కడ ఎండ 45 డిగ్రీలను తాకుతుంది. అద్దాలు బిగించి ఎండలో వదిలేసిన కారులో డాష్‌బోర్డు 70 డిగ్రీల దాకా కాగుతుంది. రెక్సిన్ మెత్తగా ఉండడానికి పీవీసీలో కలిపే నూనెలాంటి పదార్థం ఆ వేడికి కొద్దికొద్దిగా ఆవిరైపోతుంది. ముందు అద్దాన్ని లోపలివైపు తుడిచినప్పుడు బట్టకు అంటే జిడ్డులో అది కూడా ఉంటుంది. అది పోయేకొద్దీ రెక్సిన్ బిరుసెక్కి పగులుతుంది. ప్లాస్టిక్ ఎండకు పెళుసుబారుతుంది. ఫోమ్ ఉన్న రూఫ్ లైనింగ్‌లో ఆ ఫోమ్ పొడి అయిపోయి గుడ్డ జారుతుంది. అలాంటప్పుడు పిన్నులు గుచ్చి లాభం లేదు. పాత ఫోమును పూర్తిగా గీకేసి, కొత్త గుడ్డ అంటించాల్సిందే.

డోర్ ప్యాడ్‌కు మాత్రం అసలు శత్రువు నీళ్లు. వానాకాలంలో అద్దం పక్కనుంచి డోర్ లోపలికి నీళ్లు దిగడం సహజం. అవి బయటికి పోవడానికి డోర్ అడుగున చిన్న రంధ్రాలు ఉంటాయి. లోపలి ప్యాడ్ తడవకుండా మధ్యలో ఒక పాలిథీన్ షీటు అంటించి ఉంటుంది. ఎప్పుడో రిపేరుకు డోర్ విప్పినవాళ్లు ఆ షీటును చింపి పారేస్తే, ఆ వానల్లోనే ప్యాడ్‌లోని హార్డ్‌బోర్డు నీళ్లు పీల్చి ఉబ్బిపోతుంది. క్లిప్పు పట్టుకునే రంధ్రాలు నానిపోయి విరిగిపోతాయి. కొత్త ప్యాడ్ వేసి షీటు వెయ్యకపోతే అదీ అలాగే పాడవుతుంది. పాడైన భాగం కంటే అది పాడైన కారణాన్ని ముందు బాగుచేయాలి.

డోర్ విప్పే వరుస

"కరెంటు తీసీసేవా అమ్మా?" నేను టూల్‌బాక్సు తెరిస్తే నాన్న అడిగే మొదటి మాట ఇదే. ప్లాంటులో షట్‌డౌన్ తీసుకోకుండా మెషీన్ మీద చెయ్యి వెయ్యని మనిషి. 10 నంబరు స్పానర్‌తో బ్యాటరీ నెగటివ్ టెర్మినల్ విప్పండి. అంతకంటే ముందు గాజులు, ఉంగరాలు తీసి పక్కన పెట్టండి. బ్యాటరీ దగ్గర లోహం తగిలితే చెయ్యి కాలుతుంది.

అద్దం పూర్తిగా పైకెత్తి, హ్యాండిల్ ఎటు చూస్తోందో ఫొటో తీసుకోండి. చేతిపిడికి ఉన్న స్క్రూలను స్టార్ స్క్రూడ్రైవర్‌తో తీయండి. అద్దం తిప్పే హ్యాండిల్‌కు స్క్రూ కనిపించదు. దాని వెనక గుర్రపు లాడం ఆకారంలో సన్నటి తీగ క్లిప్పు ఉంటుంది. హ్యాండిల్‌కూ గుండ్రటి వాషరుకూ మధ్య నూలు గుడ్డ పేలికను దూర్చి, రెండు చివరలూ పట్టుకుని అటూ ఇటూ లాగితే అది క్లిప్పు కొసలకు తగులుకుని దాన్ని బయటికి తోస్తుంది. రెండో మనిషి అక్కడ చెయ్యి అడ్డం పెట్టాలి, లేకపోతే క్లిప్పు ఎగిరిపోతుంది. మళ్లీ బిగించేటప్పుడు క్లిప్పును ముందు హ్యాండిల్‌లో కూర్చి, షాఫ్టు మీద పెట్టి నొక్కితే టక్కుమని పడుతుంది.

తర్వాత లాక్ హ్యాండిల్ చుట్టూ ఉన్న ప్లాస్టిక్ తీసి, ప్యాడ్ అంచు కింద వెదురు బద్ద దూర్చండి. క్లిప్పు పక్కనే పైకెత్తాలి. దూరంగా పట్టి లాగితే బోర్డు చిరుగుతుంది. చలికాలం పొద్దున్నే ఈ పని పెట్టుకోకండి, చలికి ప్లాస్టిక్ చిట్లుతుంది. కాసేపు ఎండలో ఉంచిన బండి మాట వింటుంది.

బోర్డు పాడైతే పాతదాన్నే నమూనాగా పెట్టి కొత్త హార్డ్‌బోర్డు మీద గీసి, రంధ్రాలతో సహా కోయండి. రెక్సిన్‌కూ బోర్డుకూ ఫెవికాల్ ఎస్‌ఆర్ రాసి, చేతికి అంటనంతగా ఆరాక అతికించండి. డోర్ అడుగు రంధ్రాల్లో పేరుకున్న ఎర్ర దుమ్మును తీసేయండి. పాలిథీన్ షీటును మాత్రం తప్పకుండా మళ్లీ అంటించండి.

విరిగిన ప్లాస్టిక్ భాగాన్ని పారేసే ముందు వెనక చూడండి. చాలా భాగాల మీద ఏ ప్లాస్టికో అచ్చు పోసి ఉంటుంది. ఏబీఎస్ అని ఉంటే మంచి గమ్ముతో అతుకుతుంది. పీపీ అని ఉంటే మామూలు గమ్ము పట్టదు. వేడితో అతికించాలి, లేదా మార్చాలి.

వీటి జోలికి వెళ్లొద్దు

ఎయిర్‌బ్యాగులున్న కారులో స్టీరింగ్ మధ్య భాగం, పసుపు రంగు కనెక్టర్లు, ఎయిర్‌బ్యాగ్ గుర్తున్న పిల్లర్ కవర్లు ముట్టుకోకండి. అది శిక్షణ పొందినవాళ్ల పని. సీటు బెల్టు పీలికలు లేస్తే కుట్టించడం కుదరదు, మార్చాల్సిందే. సోఫాలకు వాడే ఫోమును కారులో పెట్టకండి. కారు లోపలి సామగ్రి ఎంత వేగంగా కాలవచ్చో చెప్పే నిబంధనలున్నాయి. అమెరికాలో 1972 నుంచి నిమిషానికి 102 మిల్లీమీటర్లు పరిమితి. మన దేశంలోనూ ఐఎస్ 15061 అనే ప్రమాణం ఉంది. సామగ్రి కొనేటప్పుడు కారుకు పనికొచ్చేదేనా అని గట్టిగా అడగండి.

సొంత కారు రిజిస్ట్రేషన్ 15 ఏళ్లకు ముగిసినా, ఫిట్‌నెస్ ఉంటే 5 ఏళ్లకోసారి పొడిగించుకునే వీలు చట్టంలోనే ఉంది. నడిచే బండిని చిరిగిన రెక్సిన్ కోసం వదులుకోకండి. వచ్చే ఆదివారం ఒక్క డోర్‌తో మొదలుపెట్టండి. అది పూర్తయ్యేదాకా రెండో డోర్ విప్పకండి. ఏ స్క్రూ ఎక్కడిదో అనుమానం వస్తే చూసుకోవడానికి విప్పని ఆ డోరే మీకు నమూనా.