జీవనశైలి, తొలిదశ రొమ్ము క్యాన్సర్: గోదావరిఖని బొగ్గుబెల్టు నేపథ్యంలో ఒక పరిశీలన

1. ఉపోద్ఘాతం

రామగుండం, గోదావరిఖని ప్రాంతాల్లో ఆరోగ్యం గురించిన చర్చ ఏదైనా గని కార్మికుని ఊపిరితిత్తులతో మొదలవుతుంది. అది సహజమే. అయితే ఆ చర్చ చాలాకాలం పురుషుని శరీరం దగ్గరే ఆగిపోయింది. 1952 నాటి గనుల చట్టం భూగర్భంలో స్త్రీలు పనిచేయడాన్ని నిషేధించింది. ఆ నిషేధం షరతులతో సడలింది 2019లోనే. గనిలో కాలు పెట్టని స్త్రీ వృత్తివ్యాధుల పరిశోధనలోకీ రాలేదు. క్వార్టర్లో ఆమె రోజు ఎలా గడుస్తున్నది, ఆ దినచర్యకూ ఆమెకు రాగల వ్యాధులకూ ఉన్న సంబంధమేమిటి అన్న ప్రశ్న వెనుకబడింది.

భారతదేశంలో 2022లో సుమారు 1.92 లక్షల మంది స్త్రీలకు కొత్తగా రొమ్ము క్యాన్సర్ సోకిందనీ, 98 వేల మందికి పైగా మరణించారనీ అంతర్జాతీయ అంచనా. 2012–16 కాలానికి జాతీయ క్యాన్సర్ నమోదు కార్యక్రమం వెలువరించిన వివరాల్లో వయస్సును సర్దుబాటు చేసిన రేటు అత్యధికంగా ఉన్న ప్రాంతం హైదరాబాదు: లక్ష మంది స్త్రీలకు 48. నగర జీవితపు లక్షణాలు చాలావరకు బొగ్గుబెల్టు పట్టణాల్లోనూ ఉన్నాయి గనుక ఈ అంకె గోదావరిఖనికి పరాయిది కాదు.

ఈ విషయంలో రెండు ప్రశ్నలు తరచు కలిసిపోతుంటాయి. వ్యాధి ఎందుకు వస్తుంది అన్నది మొదటిది. వచ్చిన వ్యాధి ఏ దశలో బయటపడుతుంది అన్నది రెండవది. ఆహారం, వ్యాయామం, మద్యం వంటివి ప్రధానంగా మొదటి ప్రశ్నకు చెందినవి. రెండవదానిని నిర్ణయించేది చాలావరకు కాలం. మంచి అలవాట్లున్న స్త్రీకి వ్యాధి వచ్చే అవకాశం తగ్గుతుందే గాని, వస్తే అది తొలిదశలోనే దొరుకుతుందన్న హామీ లేదు.

2. దుమ్మా, దినచర్యా?

బొగ్గుబెల్టులో ఏ క్యాన్సర్ వచ్చినా అనుమానం ముందుగా దుమ్ము మీదికి పోతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థకు అనుబంధమైన అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1997లో బొగ్గు దుమ్మును పరిశీలించి, మనుషుల్లో క్యాన్సర్ కారకంగా వర్గీకరించడానికి ఆధారాలు చాలవని తేల్చింది. స్ఫటిక సిలికాను మాత్రం నిశ్చిత కారకాల జాబితాలో చేర్చింది. 2013లో బయటి గాలి కాలుష్యమూ ఆ జాబితాలోకి చేరింది. ఈ రెండింటి విషయంలోనూ బలమైన ఆధారం ఊపిరితిత్తుల క్యాన్సర్‌కు సంబంధించినదే. దుమ్ము నిర్దోషి అని దీని అర్థం కాదు. రొమ్ము క్యాన్సర్‌కు కారణాన్ని వెతికే చూపు దుమ్ము దగ్గరే ఆగిపోకూడదని మాత్రమే.

రొమ్ము క్యాన్సర్లలో అధికభాగం ఈస్ట్రోజన్ ప్రభావానికి లోనయ్యేవి. స్త్రీ జీవితకాలంలో ఆ హార్మోను ప్రభావం ఎంతకాలం, ఎంత మోతాదులో ఉన్నదన్నది ముప్పును మారుస్తుంది. రుతువిరతి తరువాత అండాశయాలు ఈస్ట్రోజన్‌ను దాదాపుగా తయారుచేయవు. అప్పుడు దాని ముఖ్య ఉత్పత్తిస్థానం కొవ్వు కణజాలం. అక్కడి ఆరొమటేజ్ అనే ఎంజైము ఇతర హార్మోన్లను ఈస్ట్రోజన్‌గా మారుస్తుంది. యాభై దాటిన తరువాత పెరిగిన బరువు ప్రమాదకరం కావడం ఇందువల్లనే. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదవ విడత ప్రకారం తెలంగాణలో 15–49 ఏళ్ల స్త్రీలలో దాదాపు 30 శాతం మంది అధిక బరువు లేదా స్థూలకాయం ఉన్నవారు.

బొగ్గుబెల్టు సామాజిక చరిత్ర ఇక్కడ పనికివస్తుంది. గనుల్లో కొలువు కోసం వచ్చిన కుటుంబాలు అనేకం పాత కరీంనగర్, ఆదిలాబాదు జిల్లాల పల్లెలవి. ఊళ్లో ఉన్న తరం స్త్రీ నాట్లు వేసింది, కలుపు తీసింది, నీళ్లు మోసింది. చిన్న వయసులో తల్లి అయింది, ఒక్కొక్క బిడ్డకు ఏడాదికి మించి పాలిచ్చింది. ఆమె జీవితం సుఖమైనదని ఎవరూ అనరు. బాల్యవివాహమూ వరుస కాన్పులూ ఆరోగ్య సూత్రాలు కావు. అయితే క్వార్టర్లోకి మారిన కోడలికి నెలజీతం, కుళాయి నీళ్లు, గ్యాసు పొయ్యి వచ్చినప్పుడు పొలంలోని శారీరక శ్రమ పోయింది. దానిస్థానంలో మరొకటి చేరలేదు. ఇంటిపని అలుపునిస్తుంది గాని, వారానికి కనీసం 150 నిమిషాలు అని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే, ఊపిరి వేగం పెంచే శ్రమ అందులో అన్నివేళలా ఉండదు.

చనుబాల విషయంలో ఆధారం గట్టిది. 30 దేశాల్లోని 47 అధ్యయనాలను కలిపి 2002లో ప్రచురించిన విశ్లేషణ ప్రకారం పాలిచ్చిన ప్రతి పన్నెండు నెలలకు ముప్పు సుమారు 4.3 శాతం తగ్గుతుంది. ప్రతి కాన్పుకూ కలిగే తగ్గుదల దీనికి అదనం.

మద్యం ప్రస్తావన తెలంగాణలో కొంత ఇబ్బందికరం. పండుగకూ పబ్బానికీ కల్లు స్త్రీలకు నిషిద్ధం కాని సమాజాలు ఇక్కడ ఉన్నాయి. దానిని మద్యంగా కాక చలువపానీయంగా చూసే వాడుకా ఉన్నది. పులిసేకొద్దీ కల్లులో మద్యసారం పెరుగుతుంది, శరీరానికి అది ఏ చెట్టుదన్న భేదం లేదు. రోజుకు పది గ్రాముల మద్యసారానికి రొమ్ము క్యాన్సర్ ముప్పు దాదాపు 7 శాతం పెరుగుతుందని అంచనా.

రాత్రి షిఫ్టును అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2007లో ‘బహుశా కారకం’ అన్న వర్గంలో పెట్టి, 2019లో దానినే ధ్రువీకరించింది. ఆసుపత్రి నర్సులకు ఇది నేరుగా వర్తించే విషయం. భర్త షిఫ్టును బట్టి నిద్ర మారే గృహిణి మాత్రం ఏ అధ్యయనపు నిర్వచనంలోనూ సరిగా ఇమడదు. తెల్లవారక ముందే టిఫిన్ కట్టి, రెండో షిఫ్టు దిగివచ్చే మనిషి కోసం అర్ధరాత్రి దాకా మేల్కొనే ఆమె నిద్రను కొలిచిన పరిశోధన అవసరం.

3. తొలిదశ అంటే కాలం

గడ్డ రెండు సెంటీమీటర్లకు మించక, చంక గ్రంథులకు పాకని స్థితిని తొలిదశగా భావించవచ్చు. ఆ దశలో నొప్పి సాధారణంగా ఉండదు. బొగ్గుబెల్టులో, ఆ మాటకొస్తే తెలుగునేల అంతటా, నొప్పి లేనిదానిని రోగంగా లెక్కించరు. పిల్లల పరీక్షలు కానీ, బతుకమ్మ పండుగ వెళ్లనీ అంటూ నెలలు జరుగుతాయి.

పరీక్ష ఖరీదైనదే కానక్కర్లేదని ముంబై అధ్యయనం చూపింది. మురికివాడల్లోని లక్షన్నర మంది స్త్రీలతో ఇరవై ఏళ్లు సాగిన ఆ ప్రయోగంలో శిక్షణ పొందిన మహిళా కార్యకర్తలు రెండేళ్లకొకసారి చేతితో రొమ్ము పరీక్ష చేశారు. వ్యాధి తక్కువ దశలో బయటపడింది. యాభై దాటిన వారిలో మరణాలు దాదాపు 30 శాతం తగ్గాయి. మొత్తం వయోవర్గాలను కలిపి చూస్తే కనిపించిన 15 శాతం తగ్గుదల గణాంకపరంగా నిలబడలేదు. 2021లో ఫలితాలు వెలువరించినప్పుడు పరిశోధకులు ఈ సంగతినీ దాచలేదు.

తెలంగాణలో 2023 మార్చి 8న మొదలైన ‘ఆరోగ్య మహిళ’ కార్యక్రమం మంగళవారాల్లో స్త్రీలకు ప్రత్యేక క్లినిక్కులను ఏర్పరచింది. రొమ్ము పరీక్ష అందులో భాగం. చికిత్సకు ఆరోగ్యశ్రీ ఉన్నది, హైదరాబాదులో ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రి ఉన్నది. మొదటిసారి వైద్యుని దగ్గరకు వచ్చాక అరవై రోజుల్లో నిర్ధారణ జరగాలన్నది 2021లో మొదలైన ప్రపంచ ఆరోగ్య సంస్థ కార్యక్రమపు లక్ష్యం. గోదావరిఖని నుంచి హైదరాబాదు రెండు వందల కిలోమీటర్లకు పైబడిన దూరం. స్కానింగు, సూది పరీక్ష, దాని ఫలితం, ప్రతిదానికీ ఒక ప్రయాణమైతే అరవై రోజులు ఇట్టే కరిగిపోతాయి.

దేశం మొత్తంమీద 30–49 ఏళ్ల స్త్రీలలో ఒక్కసారైనా రొమ్ము పరీక్ష చేయించుకున్నవారు 0.9 శాతమేనని కుటుంబ ఆరోగ్య సర్వే తెలుపుతున్నది. 1955 నాటి గనుల నిబంధనల మేరకు గని కార్మికునికి కనీసం అయిదేళ్లకొకసారి వైద్యపరీక్ష తప్పనిసరి. దానికి నోటీసు వస్తుంది, తేదీ ఉంటుంది, పోకపోతే అడిగేవారుంటారు. ముప్పై దాటిన ప్రతి స్త్రీకి రొమ్ము పరీక్షకై జాతీయ కార్యక్రమం నిర్దేశించిన వ్యవధి కూడా సరిగ్గా అయిదేళ్లే. అదే క్వార్టర్లో ఉన్న ఆమెకు నోటీసు రాదు.