యార్క్‌టౌన్‌లో ఓడినవాడు

పిల్లలూ, కారన్‌వాలీస్ పేరు చరిత్ర పుస్తకంలో రెండు చోట్ల వస్తుంది. ఒకటి అమెరికా పాఠంలో, రెండవది శాశ్వత శిస్తు పాఠంలో. ఇద్దరూ ఒకరేనా అని నా తరగతిలో ఏటా ఎవరో ఒకరు అడిగేవారు. ఒకరే.

అతడు 1738లో లండన్‌లో, ప్రభువుల వంశంలో పుట్టాడు. అమెరికాలోని 13 ఇంగ్లీషు వలసరాజ్యాలు 1776లో స్వాతంత్ర్యం ప్రకటించుకున్నాయి. ఆ ఏడే కారన్‌వాలీస్ సేనతో అక్కడికి వెళ్ళాడు. కొన్ని యుద్ధాలు గెలిచాడు. కాని 1781లో యార్క్‌టౌన్ అనే ఊళ్ళో చిక్కుబడిపోయాడు. నేలమీద వాషింగ్టన్ సేనలూ, ఫ్రెంచివారూ చుట్టుముట్టారు. సముద్రపు దారిని ఫ్రెంచి ఓడలు మూసేశాయి. అక్టోబరు 19న లొంగిపోక తప్పలేదు. ఒంట్లో బాగాలేదని చెప్పి, కత్తి అప్పగించటానికి తన కింది అధికారిని పంపాడు. (బడి ఎగ్గొట్టేవాళ్ళు చెప్పేదీ ఈ మాటే!) కింది అధికారి వచ్చాడు గనుక, వాషింగ్టన్ కూడా ఆ కత్తిని తన కింది అధికారి చేతనే పుచ్చుకోనిచ్చాడు.

ఇంత ఓడినా ఇంగ్లండులో అతని పరువు పోలేదు. 1786లో గవర్నర్ జనరల్‌గా కలకత్తాలో దిగాడు. డబ్బు విషయంలో మాత్రం నిజాయితీపరుడు. కంపెనీ ఉద్యోగుల సొంత వ్యాపారాలు మాన్పించి, జీతాలు పెంచాడు. అయితే పెద్ద ఉద్యోగాలు మనవాళ్ళకు దక్కకుండా చేసినదీ అతడే.

1793లో బెంగాలులో శాశ్వత శిస్తు పెట్టాడు. జమీందారు కంపెనీకి ఏటా ఇంత కట్టాలని నిర్ణయించి, అది ఎన్నటికీ పెరగదని మాట ఇచ్చాడు. తన దేశపు ప్రభువులలాగే ఇక్కడి జమీందారులూ భూమిని బాగుచేస్తారని అతని ఆశ. గడువునాడు సూర్యుడు అస్తమించేలోగా సొమ్ము చేరకపోతే ఎస్టేటు వేలమే. సూర్యనారాయణస్వామి ఊళ్ళో పెరిగిన నాకు, సూర్యుణ్ణి ఇలాంటి పనికి కూడా వాడుకున్నారా అనిపించింది!

మన వైపు కంపెనీ పేష్కషు కోసం అప్పటికే పీడిస్తున్నది. ఆ తగాదాలోనే 1794లో పద్మనాభం యుద్ధంలో విజయనగరం రాజు విజయరామరాజు చనిపోయాడు. 1802లో శాశ్వత శిస్తు ఇక్కడికీ వచ్చింది. విజయనగరం కట్టవలసినది ఏటా 5 లక్షల రూపాయలు. శ్రీకాకుళం ప్రాంతంలో జమీందారులు లేని హవేలీ భూములను కంపెనీ ముక్కలుచేసి వేలంలో అమ్మింది.

ఇక్కడ ఒక్క సంగతి జాగ్రత్తగా చూడండి. జమీందారు కంపెనీకి కట్టేది శాశ్వతం. రైతు జమీందారుకు కట్టేదో? దానికి అలాంటి హద్దు లేదు. పంట పెరిగినా, ధర పెరిగినా, కంపెనీకి వెళ్ళేది అంతే, మిగిలినది జమీందారుది.

మా అమ్మమ్మ పుట్టినది జమీందారీ గ్రామంలో. కల్లంలో ధాన్యం కొలిచేనాడు గుమాస్తా వచ్చి కూర్చునేవాడట. ఆయన లేచి వెళ్ళేదాకా పిల్లలెవరూ గింజ ముట్టకూడదట.

అమెరికాలో ఓడినవాడి ఏర్పాటు ఇక్కడ సుమారు నూట యాభై ఏళ్ళు నిలిచింది. దాన్ని కదిపినవారు రైతులే. 1937లో ఇచ్ఛాపురం నుంచి మద్రాసుకు కాలినడకన బయలుదేరారు. 1940లో మందస జమీందారీ రైతులపై పోలీసులు కాల్పులు జరిపినప్పుడు గున్నమ్మ అనే రైతు స్త్రీ ప్రాణాలు విడిచింది. జమీందారీల రద్దు చట్టం 1948లో వచ్చింది.

కారన్‌వాలీస్ 1805లో మళ్ళీ మనదేశానికి వచ్చి, కొద్ది నెలలకే గాజీపూర్‌లో చనిపోయాడు. అక్కడ అతని సమాధి ఉంది. మా అమ్మమ్మ తండ్రి పేర వచ్చిన పట్టా కాగితం మా మేనమామ ఇంట్లో ట్రంకు పెట్టెలో ఉంది.