యూనివర్సిటీలో మన సీటు ఎక్కడుంది?



యూనివర్సిటీ అంటే పెద్ద కాలేజీ అని మన హాస్టల్లో చాలామంది అనుకుంటారు. అది సగమే నిజం. కాలేజీలో పాఠాలు చెప్తారు. విశ్వవిద్యాలయంలో పాఠాలతో పాటు పరిశోధన కూడా జరుగుతుంది. పరీక్షలు పెట్టి పట్టాలిచ్చే అధికారం కూడా దానిదే. మనకు దగ్గరలో ఉన్న ఆంధ్ర విశ్వవిద్యాలయం గురించి నాకు తెలిసినంత వరకు రాస్తున్నాను.

ఇది 1926లో బెజవాడలో మొదలైంది. 1930లో విశాఖపట్నంలోని వాల్తేరుకు వచ్చింది. మొదటి వైస్ ఛాన్సలర్ కట్టమంచి రామలింగారెడ్డి గారు. ఆయన తర్వాత 1931 నుండి 1936 వరకు ఆ పదవిలో ఉన్న సర్వేపల్లి రాధాకృష్ణన్ గారే తర్వాత రాష్ట్రపతి అయ్యారు. లెక్కల్లో ప్రపంచమంతా పేరు పొందిన సి.ఆర్. రావు గారు ఇక్కడే చదువుకున్నారు.

ఇది ప్రభుత్వ విశ్వవిద్యాలయం. అంటే ఎవరి సొంత ఆస్తీ కాదు, మనందరిదీ. రైతుల పిల్లలు, చేపలు పట్టేవాళ్ళ పిల్లలు, ఉద్యోగుల పిల్లలు, విదేశాల నుంచి వచ్చినవాళ్ళు అందరూ అక్కడ ఒకే క్లాసులో కూర్చుంటారు. ఆర్ట్స్, సైన్సు, ఇంజనీరింగ్, లా, ఫార్మసీ అన్నీ ఉన్నాయి. ఆడపిల్లల కోసం 2010లో వేరే ఇంజనీరింగ్ కాలేజీ కూడా పెట్టారు. చెల్లెళ్ళు ఇది గుర్తు పెట్టుకోవాలి.

మరి మన సీటు సంగతి? రాష్ట్రంలో ఎస్టీలకు నూటికి 6 సీట్లు రిజర్వేషన్. ఒక కోర్సులో 50 సీట్లుంటే మనకు 3. ఆ మూడింటికీ ఎన్నో ఏజెన్సీ ఊళ్ళ పిల్లలు పోటీ పడతారు. కాబట్టి "రిజర్వేషన్ ఉంది కదా, చదవకపోయినా వస్తుంది" అనే మాట మనల్ని ముంచే మాట. ఇంకో విషయం. మంచి ర్యాంకుతో ఓపెన్ సీటు తెచ్చుకుంటే అది ఆ మూడింటిలో లెక్కకు రాదు. అప్పుడు ఆ సీటు మనవాళ్ళలో ఇంకొకరికి మిగులుతుంది. అంటే బాగా చదివినవాడు తనకొక్కడికే కాదు, వెనకాల వచ్చేవాడికి కూడా దారి ఇచ్చినట్టే.

ముఖ్యమైన దారులు రెండు. ఇంటర్ తర్వాత ఇంజనీరింగ్‌కి ఈఏపీసెట్ రాయాలి. డిగ్రీ తర్వాత ఎం.ఏ., ఎం.ఎస్సీ.లకు పీజీసెట్ రాయాలి. దరఖాస్తు చేసేటప్పుడు కుల ధృవీకరణ పత్రం, ఆదాయ పత్రం కావాలి. మనవాళ్ళు చాలామంది మార్కులుండి కూడా ఈ కాగితాల దగ్గరే ఆగిపోతున్నారు. ఆఖరి రోజున ఎమ్మార్వో ఆఫీసుకి పరిగెత్తితే పని కాదు. సెలవులకు ఇంటికెళ్ళినప్పుడే అమ్మానాన్నలకు చెప్పి తీయించుకోవాలి.

వార్డెన్ గారికి ఒక మనవి. ఆ పరీక్షల ప్రకటనలు పేపర్లో వచ్చినప్పుడు కత్తిరించి ఈ గోడ మీదే అంటించితే మాకు ఎంతో మేలు చేసినవారవుతారు.

పదో తరగతితో చదువు ఆపేద్దామనుకునే తమ్ముడూ! పరీక్ష రాయని వాడికి ఆ 3 సీట్లూ ఉన్నా లేనట్టే.