తగవు కథ – బలాలు, పరిమితులు: 'యజ్ఞం' పరిశీలన

పరిచయం

విచారణ, వాదన, తీర్పుల చుట్టూ సాగే కథలు మీకు కొత్త కాదు. కొరియా కోర్టు ధారావాహికలను ఇప్పుడు ఇచ్ఛాపురంలోనూ ఫోన్లలో చూస్తున్నారు. 2022లో వచ్చిన 'ఎక్స్‌ట్రార్డినరీ అటార్నీ వూ' అక్కడ బొమ్మల కథగా కూడా వెలువడింది. ఇలాంటి కథల్లో సాధారణంగా ఒక కేసు మొదలవుతుంది, ఇరుపక్షాలూ వాదిస్తాయి, తీర్పుతో చిక్కుముడి వీడుతుంది. తీర్పు వచ్చాక కూడా చిక్కు వీడకపోతే? ఈ ప్రశ్నతో మన జిల్లా రచయిత కాళీపట్నం రామారావు (1924–2021) రాసిన 'యజ్ఞం' కథను పరిశీలిద్దాం. ఆయన శ్రీకాకుళం జిల్లా మురపాకలో పుట్టారు. 'యజ్ఞంతో తొమ్మిది' సంపుటికి 1995లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం లభించింది.

కథావస్తువు

సుందరపాలెంలో ఒక అప్పు తగవు పెద్దల ముందుకు వస్తుంది. అప్పిచ్చినవాడు వర్తకుడు గోపన్న. తీసుకున్నవాడు అప్పల్రాముడు. తగవు తీర్చేది ఊళ్లో న్యాయవంతుడిగా పేరున్న శ్రీరాములునాయుడు. ఇది కోర్టు కాదు. సివిల్ కోర్టులో ప్రామిసరీ నోటు మీద దావా సాధారణంగా 3 ఏళ్ల లోపు వేయాలి. పత్రం, సాక్ష్యం చూస్తారు. ఊరి తగవులో గడువు కన్నా ఇచ్చిన మాటకే విలువ ఎక్కువ. అప్పల్రాముడు మాట తప్పని మనిషి. ఉన్న కొద్దిపాటి భూమి అమ్మి అయినా తీర్చడానికి ఒప్పుకుంటాడు. కొడుకు సీతారాముడు ఒప్పుకోడు. భూమి పోతే తమకు మిగిలేది కంబారితనమే అని అతనికి తెలుసు. తన పసిబిడ్డకు ఆ బతుకు వద్దని, ఆ బిడ్డను తానే చంపి సభ ముందు పడేస్తాడు.

బలాలు

మొదటిది: కథలో దుర్మార్గుడు లేడు. గోపన్న అడిగింది తన సొమ్మే. నాయుడు పక్షపాతి కాడు. అందువల్ల ఒకరిని తిట్టి ఊరుకునే వీలు పాఠకుడికి ఉండదు.

రెండవది: తగవు అడిగే ప్రశ్న ఒకటి, కథ అడిగే ప్రశ్న మరొకటి. 'అప్పు తీసుకున్నావా?' అన్నది తగవు. 'బతుకంతా కష్టపడినవాడు ఎందుకు తీర్చలేకపోయాడు?' అన్నది కథ. మొదటి ప్రశ్నకు తీర్పు న్యాయంగానే ఉంటుంది. రెండవ ప్రశ్న ముందు ఆ తీర్పే అన్యాయంగా కనిపిస్తుంది. ఈ కథకు ప్రాణం ఈ తేడాయే.

పరిమితులు

ముగింపు మీద విమర్శకులు చాలాకాలం వాదించుకున్నారు. తండ్రి బిడ్డను చంపడం నమ్మదగినదేనా అన్నది ఒక అభ్యంతరం. ఈ వ్యాసకర్త దృష్టిలో అసలు లోపం వేరు. అంతవరకు మన ఆలోచనను కదిలించిన వాదన, ఆ హింసతో ఒక్కసారిగా ఆగిపోతుంది. తరువాత ఆలోచించడం పాఠకుడికి కష్టమవుతుంది. పైగా ఆ బిడ్డను కన్న తల్లి వైపు నుంచి కథ చూడదు. ఊరి అభివృద్ధి గురించిన సుదీర్ఘ వివరణ కొత్త పాఠకుడికి నడక మందగించినట్లు తోస్తుంది. అయితే ఆ అభివృద్ధి ఎవరి చేతికి చేరింది, ఎవరిని దాటిపోయింది అన్నది ఆ వివరణలోనే ఉంది. కాబట్టి దాన్ని దాటవేయకండి.

సారాంశం

వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం 1976లో వచ్చింది. వెట్టికి కారణమైన అప్పులను కూడా అది రద్దు చేసింది. 1960లలో రాసిన ఈ కథలోని సీతారాముడికి అలాంటి ఆసరా లేదు. విచారణ కథ విలువను ఎవరు గెలిచారన్న దానితో కొలవకండి. విచారణలో ఎవరూ అడగని ప్రశ్నను అది అడిగిందా అని చూడండి. ఉద్దానం పల్లెల్లో మీరు విన్న ఏ అప్పు తగవుకైనా ఈ కొలత పనికొస్తుంది.

మీ ప్రగతిని సరిచూసుకోండి

1. శ్రీరాములునాయుడి తీర్పు న్యాయమైనదేనా? రెండు వైపులా కారణాలు రాయండి.
2. ముగింపు వేరుగా ఉంటే కథ ఏం కోల్పోతుంది, ఏం పొందుతుంది?